గీత పోయిందా, దాగిందా

ఎల్లారెడ్డిలో నిజాంసాగర్ రోడ్డు మీద ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఈమధ్య కార్లు కడిగే సెంటర్ పెట్టారు. పాలిష్ మిషన్ కూడా కొన్నారు. మొన్న నేను ఆ దారిన పోతుంటే అక్క నన్ను ఆపింది.

"కాకా, పెయింట్ మీద సాలెగూడు లెక్క సన్న గీతలుంటయి గదా, అవి పోవాలె. అన్ని బండ్లకు పనికొచ్చే పాలిష్ ఒక్కటి చెప్పు. పేరు చెప్తే చాలు, తెప్పించుకుంటం" అంది.

నేను పేరు చెప్పలేదు. దాచుకోవాలని కాదు. సీసాల మీద పేర్లు రెండేళ్లకోసారి మారుతుంటాయి, ఒకే పేరున్న సీసాలో సరుకు కూడా మారుతుంది. ఆమె ముందు నిలబడి పావుగంట ఏదేదో చెప్పాను. ఒక్క ముక్క ఆమెకు ఎక్కినట్టు లేదు. ఇంటికి వచ్చాక కూర్చోలేకపోయాను. చెప్పాల్సిన మాట ఒకటుంటే ఇంకొకటి చెప్పి వచ్చానని తెలుస్తూనే ఉంది. అందుకే రాస్తున్నాను. ఆ అక్కాచెల్లెళ్ల కోసం, ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఇంకెవరి కోసమైనా.

నా పేరు మల్లేశం. ముప్పై ఎనిమిదేళ్లు బండ్లకు రంగు వేశాను, పాలిష్ పట్టాను. కుడి భుజం ఇక తల పైకి లేవదని డాక్టరు చెప్పాక మానేశాను. నాకు కుదురు లేదని మా ఇంటామె లక్ష్మి పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది. సగం అన్నంలో లేచి వాకిట్లో ఏ బండి ఆగిందో చూసి వస్తానట. ఆమె గోడకు ఆనుకుని గంటల తరబడి బీడీలు చుడుతుంది, నేను ఆమె చుట్టూ తిరుగుతుంటాను. పని మానేశాక ఇంకా ఎక్కువైంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా ఇప్పటికి పదిసార్లు లేచాను.

ఎండలోకి తొయ్యి

పని నేర్చుకున్నది ఎల్లారెడ్డిలోనే, ఖదీర్ ఉస్తాద్ దగ్గర. ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతుంటే మా నాయన తీసుకుపోయి అప్పగించాడు. అప్పట్లో మా దగ్గర కార్లు తక్కువ. జీపులు, ట్రాక్టర్లు, ఎప్పుడైనా ఒక లారీ క్యాబిన్.

చేరిన వారానికి ఉస్తాద్ నన్ను రేకుల షెడ్డులో ఉన్న ఒక నల్ల జీపు ముందు నిలబెట్టి, గీతలున్నాయా అని అడిగాడు. లేవన్నాను. ఇద్దరం కలిసి దాన్ని ఎండలోకి తోశాం. బానెట్ మీద సూర్యుడి బింబం పడింది. దాని చుట్టూ గుండ్రంగా వందల గీతలు, అచ్చం సాలెగూడే. నేను రెండడుగులు పక్కకు జరిగాను. బింబం జరిగింది, గూడు కూడా దానితోపాటు జరిగింది.

"గీతలు గుండ్రంగ లేవు బేటా. అన్ని దిక్కులకు ఉన్నయి. ఎండ ఏడ పడితే ఆడియే కనబడ్తయి" అన్నాడు ఉస్తాద్.

ఈ పనిలో నేను విన్న మొదటి నిజం అది. గీతలు బండి అంతటా ఉంటాయి. వెలుగు తన చుట్టూ ఉన్నవాటినే మనకు చూపిస్తుంది. నీడలో చూసి పని ఒప్పుకున్నవాడూ, నీడలో చూసి పని అయిపోయిందనుకున్నవాడూ ఒకేలా మోసపోతారు.

ఉస్తాద్ గురించి ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. కన్ను ఆయనే ఇచ్చాడు. కారణాలు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఒకే మడ్‌గార్డును నాలుగుసార్లు రుద్దించేవాడు, ఎందుకో అడిగితే చేతి మీద ఒకటి వేసేవాడు. ఆ ఎందుకు తెలుసుకోవడానికి నాకు తర్వాత చాలా ఏళ్లు పట్టింది, కొన్ని బండ్లు పాడయ్యాయి. మీరు ఎవరికైనా నేర్పితే కారణం చెప్పి నేర్పండి.

రాజిరెడ్డి తువ్వాల

ఉస్తాద్ చనిపోయాక కామారెడ్డి వెళ్లాను. బైపాస్ మీద ఒక పెద్ద వర్క్‌షాప్‌లో చేరాను. దాని యజమానిని అందరం సేటు అనేవాళ్లం. రిపేర్లతోపాటు పాత కార్లు కొని అమ్మేవాడు. మాట మెత్తన. లక్ష్మికి ఆపరేషన్ అయినప్పుడు తన కారులోనే నిజామాబాద్ తీసుకుపోయి, సాయంత్రం దాకా ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నాడు. ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయన గురించి ఇంకా చెప్పబోతున్నాను.

అక్కడ చేరిన రెండో ఏడో, మూడో ఏడో, తాడ్వాయి నుంచి రాజిరెడ్డి పటేల్ నల్ల కారు తీసుకొచ్చాడు. కొన్న నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా తుడవకుండా బయటికి తీయలేదని గొప్పగా చెప్పాడు. దేనితో తుడుస్తారని అడిగాను. భుజం మీది తువ్వాల చూపించాడు. వరికోతల కాలంలో ఆ ఊళ్లో బండి మీద ఎంత దుమ్ము పడుతుందో నాకు తెలుసు. ఆ దుమ్మును నీళ్లు పోయకుండా పొడిగుడ్డతో రోజూ తుడిస్తే, రోజూ సన్న ఇసుక కాగితం పట్టినట్టే. ఆ గూడంతా ఆయన ప్రేమతో అల్లుకున్నదే.

గీతలు దట్టంగా ఉన్నాయి కదా అని నేను ఉన్నవాటిలో గట్టి కాంపౌండ్, అంటే బాగా గరుకు పాలిష్, తీసుకున్నాను. మిషన్‌కు ఊలు ప్యాడ్ తగిలించాను. మిషన్ వేగం పెంచాను. బానెట్ మధ్యలో అద్దంలా వచ్చింది. ఆ హుషారులో అంచు దాకా పోయాను.

కారు రంగు మీద క్లియర్ అని ఒక పొర ఉంటుంది. మెరుపంతా ఆ పొరదే. గీతలు పడేదీ దాని మీదే. అది వెంట్రుకంత మందం కూడా ఉండదు. పాలిష్ పట్టడమంటే గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్‌ను అరగదీయడం, అంతే. రేకు మడత తిరిగే అంచుల దగ్గర అది ఇంకా పలచన, మిషన్ ఒత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. ప్యాడ్ తీసేసరికి అంచున బొటనవేలంత మేర క్లియర్ పోయి, నలుపు పోయి, కింద బూడిద రంగు ప్రైమర్ కనిపించింది.

సేటు చూసి, నల్ల మార్కర్ పెట్టి పైన మైనం రాసి ఇచ్చెయ్యమన్నాడు. నేను ఆ పని చేయలేదు. అప్పుడు అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. పటేల్ వచ్చాక వేలు పెట్టి చూపించాను.

"తప్పు నాది పటేలా. గట్టి కాంపౌండ్ పెట్టిన" అన్నాను.

ఆయన వంగి చూశాడు. "నాలుగేండ్లు తుడిసిన మల్లేశం. నా తువ్వాలతోని గింత కాలేదు" అన్నాడు.

బానెట్‌కు మొత్తం మళ్లీ రంగు వేసి ఇచ్చాను. తీసుకుపోయాడు గానీ ఇంకెప్పుడూ మా దగ్గరికి రాలేదు. ఆ రోజు నుంచి ఏ బండికైనా మెత్తని ప్యాడ్, తేలిక పాలిష్‌తోనే మొదలుపెట్టాను. బానెట్ మీద జానెడు చోటు టేపుతో కట్టి, అక్కడ ముందు చేసి చూసేవాణ్ని. గీతలు పోతే అక్కడే ఆగాలి. పోకపోతే ఒక్క మెట్టు ఎక్కాలి. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు తట్టుకుని ఆగే గీత క్లియర్ దాటి దిగినట్టు. దాన్ని ఏ పాలిష్ తీయదు, దాని వెంట పడితే రాజిరెడ్డి బానెట్ అవుతుంది.

ఏడు సీసాలు

ఒక ఎండాకాలం సేటు నన్ను పిలిచి, గదినిండా సీసాలు పెరిగిపోయాయి, అన్ని పనులకూ పనికొచ్చే పాలిష్ ఒక్కటి ఎంచు, ఇక అదే తెప్పిద్దాం అన్నాడు. మా ఎల్లారెడ్డి అమ్మాయి అడిగిన ప్రశ్నే అది.

స్క్రాప్‌లోంచి ఒక నల్ల బానెట్ తెచ్చుకున్నాను. నలుపు ఏదీ దాచదు. టేపుతో ఏడు గళ్లు కట్టి ఏడు సీసాలు పెట్టుకున్నాను. ఒకే రకం ఫోమ్ ప్యాడ్, ఒకే వేగం, ఒక్కో గడిలో నాలుగు నిదానమైన వరసలు. గుడ్డతో తుడిచి ఎండలో పెడితే ఏడూ మెరిశాయి. సేటు చూసి నవ్వి, ఇక వీటిలో తేడా ఏముందన్నాడు.

అప్పుడు స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కో గడి తుడిచాను. రెండు గళ్లలో సాలెగూడు మళ్లీ తేలింది. ఆ రెండు పాలిష్‌లలో నూనె, మైనం ఎక్కువ. అవి గీతను తీయలేదు, లోపల నిండి కనబడకుండా చేశాయి. స్పిరిట్ ఆ నూనెను లాగేసింది. నాలుగు వానలు పడినా, నాలుగుసార్లు షాంపూతో కడిగినా అదే జరుగుతుంది.

మిగిలిన ఐదింటిలో ఒకటి గీతల్ని చకచకా కోసేసింది గానీ తనవైన సన్నగీతలు వదిలిపెట్టి మబ్బు పట్టినట్టు చేసింది. ఒకటి మధ్యాహ్నం రేకు వేడికి పిండిలా ఎండిపోయింది, తుడవబోతే అదే కొత్తగా గీసింది. ఒకటి షెడ్డంతా తెల్లదుమ్ము లేపింది, తలుపు రబ్బర్లలో ఇరుక్కున్న తెలుపు బ్రష్ పెట్టినా రాలేదు. ఒకటి మరీ సాత్వికం, నాలుగు వరసలు కాదు, పన్నెండు కావాలి.

ఏడోది మిగిలింది. అందులో గీతల్ని అరగదీసే పొడి మొదట్లో కొంచెం గరుకు. రుద్దుతున్నకొద్దీ నలిగి సన్నబడుతుంది. గట్టి ఫోమ్ ప్యాడ్ మీద పెడితే లోతు గీతలు తీస్తుంది, మెత్తని ప్యాడ్ మీద పెడితే చివరి మెరుపు ఇస్తుంది. ఎండకు తొందరగా ఆరదు, ఒక్క తుడుపులో వస్తుంది. మళ్లీ రంగు వేసిన తెల్ల తలుపు మీద చూశాను, వెండి రంగు మీద చూశాను, క్లియర్ లేని పాత జీపు మీద కూడా చూశాను. జీపు మీద ప్యాడ్‌కు రంగు అంటుకుంటుంది, అది సహజం, భయపడకూడదు. ఏ ఒక్క పనిలోనూ అది మొదటిది కాదు. అన్ని పనుల్లోనూ రెండోది. అన్నిటికీ పనికొచ్చేదంటే నాకు తెలిసిన అర్థం అదే. పేరును కాదు, ఈ పరీక్షలను గుర్తు పెట్టుకోండి. ఏ సీసా వచ్చినా ఎండ, స్పిరిట్ గుడ్డ, ఒక పాత నల్ల రేకు ఉంటే మీకు మీరే తేల్చుకోగలరు.

నేను ఏడోది చూపించాను. సేటు మాత్రం దాచే రెండింటిలో ఒకదాని మీద చెయ్యి వేశాడు.

"రెండు గంటల పని ఇరవై నిమిషాల్ల అయితది. కస్టమర్ నవ్వుకుంట పోతడు. ఇంకేం కావాలె నీకు?"

"వానలు పడితే మళ్ల కనబడ్తయి సేటు."

"కనబడ్డంక మళ్ల మన దగ్గరికే వస్తడు గదా."

సేటు అక్కడికక్కడే ఫోన్ చేసి ఆ సీసాలకు ఆర్డర్ ఇచ్చాడు. అవి డబ్బాలకు డబ్బాలు వచ్చాయి. నా ఏడో సీసాను పనిముట్ల పెట్టెలో వేసుకున్నాను.

దాచే పాలిష్ విషమేమీ కాదు. క్లియర్ మరీ అరిగిపోయిన బండికి అదే మంచిది, ఇంకా అరగదీస్తే పాడవుతుంది. కాకపోతే యజమానికి ఆ మాట చెప్పి రాయాలి. చెప్పడం, చెప్పకపోవడం దగ్గరే అంతా ఉంది.

సులోచన టీచర్ బండి

సేటు అమ్మకానికి తెచ్చినవాటిలో ఒక ముదురు నీలం కారు ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చింది. కుడి పక్క దెబ్బ తిని బాగు చేయించినది. డ్రైవరు తలుపుకూ ముందు అద్దానికీ మధ్య నిలబడే పిల్లర్‌ను అడుగున అతికించారు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు కొంచెం పక్కకు లాగితే వెల్డింగ్ కనిపించింది, అదీ వంకరటింకరగా. బండి ఏదైనా గుద్దుకుంటే లోపలి మనిషిని కాపాడేవాటిలో ఆ పిల్లర్ ఒకటి. కుడి తలుపుల నిండా కొత్త రంగు మీద మిషన్ తిప్పిన గీతలు. ఎడమ పక్క అట్లా లేదు. కొద్దిగా తెలిసినవాళ్లు ఎండలో చూస్తే రెండు పక్కల తేడా పట్టేస్తారు.

కుడి పక్క ఎడమ పక్కలా కావాలన్నాడు సేటు. దాచే పాలిష్ పట్టాను. పూట పని కూడా కాలేదు.

కొనడానికి సులోచన టీచర్ వచ్చింది. మరాఠీ మాట్లాడే సరిహద్దున ఉన్న బిచ్కుంద ఆమె సొంతూరు. కామారెడ్డిలో ఇల్లు తీసుకుని, ఎల్లారెడ్డి దారిలో ఒక ఊరి బడికి రోజూ వెళ్లేది. ఇంకో ముగ్గురు టీచర్లు కూడా అదే దారి, నలుగురూ ఒకే బండిలో పోదామని అనుకున్నారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. సేటు ఫోను మాట్లాడుతూ పక్కకు వెళ్లగానే నా దగ్గరికి వచ్చింది.

"మల్లేశమన్నా, పని చేసే మనిషివి నువ్వు. బండి మంచిదేనా?"

"షైన్ మంచిగొచ్చింది మేడం" అన్నాను.

ఆమె దాన్ని అవుననే తీసుకుంది. బండి కొనుక్కుని వెళ్లిపోయింది.

రాజిరెడ్డి ముందు నా తప్పుకు వేలు పెట్టి చూపించినవాణ్ని, ఇంకొకరి తప్పు దగ్గర నోరు మూసుకున్నాను. ఎందుకని అడిగితే నిజామాబాద్ ఆసుపత్రి బెంచీ గుర్తొచ్చిందని చెప్పుకోవచ్చు. కొంత అది, కొంత పిరికితనం.

తర్వాతి రోజుల్లో నా కాలు ఇంట్లో నిలవలేదు. పొద్దున ఎనిమిదింటికి ఆ నీలం కారు ఎల్లారెడ్డి రోడ్డు మలుపు దాటుతుంది. అక్కడ చాయ్ బండి ఉంది. చాయ్ కోసమన్నట్టు పోయి నిలబడేవాణ్ని. కారు వచ్చేది. నలుగురు ఆడవాళ్లు ఏదో నవ్వుకుంటూ మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. అది మలుపు తిరిగే దాకా చూసి షాపుకు పోయేవాణ్ని. పనిలో అంచులు తప్పేవి, టేపు మరచిపోయేవాణ్ని. సాయంత్రం మళ్లీ అటు వెళ్లి, బండి తిరిగొచ్చిందా అని చూసేవాణ్ని. దాదాపు రెండు నెలలు ఇదే.

లక్ష్మి ఒకరోజు చేతిలో బీడీ ఆకు పక్కన పెట్టి, పొద్దుగాల్నే ఎక్కడికి పోతున్నావని నిలదీసింది. అంతా చెప్పాను. చెబితే తేలికవుతుందనుకున్నాను. ఆమె విని, మళ్లీ ఆకు అందుకుంది.

"నాకు చెప్తే ఏమొస్తది? కూసునేది ఆమె. ఆమెకు చెప్పు" అంది.

వానలు పడ్డాయి. తర్వాత ఒక పొద్దున గట్టి ఎండ కాసింది. నీలం కారు మలుపు దగ్గరికి వచ్చేసరికి కుడి తలుపుల మీద గూడు మొత్తం తేలి కనిపించింది. చెయ్యి ఎత్తాను. ఆమె ఆపింది. కిటికీ దగ్గర నిలబడి, పిల్లర్ సంగతి, అతుకు సంగతి, నేను పట్టిన పాలిష్ సంగతి ఆగకుండా చెప్పేశాను. వెనక సీట్లో ఇద్దరూ ముందుకు వంగారు.

"ఆనాడు నేను అడిగిన గదా అన్నా" అంది ఆమె. గొంతు పెంచలేదు.

"అడిగిన్రు మేడం. షైన్ గురించి చెప్పిన. బండి గురించి చెప్పలే."

ఆమె ఇంజన్ ఆపి దిగింది. మిగిలిన ముగ్గురినీ దింపి బస్సుకు పంపింది. బండిని నేనే నిదానంగా ఊళ్లో ఒక మెకానిక్ దగ్గరికి నడిపాను. అతను రబ్బరు పూర్తిగా పీకి టార్చి వేశాడు. అతుకు పక్కన వెంట్రుకలాంటి పగులు. చుట్టూ తుప్పు. ఆమె అందులో వేలు పెట్టి చూసి, వేలు చీర కొంగుకు తుడుచుకుంది.

రెండో తప్పు

మర్నాడు నలుగురు టీచర్లూ వర్క్‌షాప్‌కు వచ్చారు. నేను వాళ్ల పక్కన నిలబడి, చూసింది చూసినట్టు చెప్పాను. సేటు వాదించలేదు. బండి వెనక్కి తీసుకున్నాడు. వాళ్లు వెళ్లాక నన్ను లోపలికి పిలిచాడు. అరుస్తాడనుకున్నాను.

"ముందుగాల నాకు చెప్పాల్సింది మల్లేశం. నేను నీకు గంత పరాయోన్ని అయిన్నా?" అన్నాడు.

ఆ మాటలో కొంత న్యాయం ఉంది. పాలిష్ పట్టమన్న రోజే ఆయన ముఖం మీద చెప్పాల్సింది నేను. రెండు నెలలు ఆగి, ఆయన వెనక చెప్పాను.

పిల్లర్ సరిగ్గా చేయిస్తానన్నాడు. బండి రెండు రోజులు కనబడలేదు. తిరిగొచ్చేసరికి ఆ అడుగున కొత్త రంగు ఉంది. నిజామాబాద్‌లో చేయించానన్నాడు. నమ్మాను. నమ్మాలనిపించింది గనుక నమ్మాను. పెట్టెలోంచి నా ఏడో సీసా తీశాను. ఈసారి ఏదీ దాచకూడదనుకున్నాను. కుడి తలుపులు, ఎడమ తలుపులు, బానెట్, డిక్కీ, రెండు రోజులు ఒక్కో చోటా గట్టి ప్యాడ్, తర్వాత మెత్తని ప్యాడ్. ప్రతి రేకూ స్పిరిట్‌తో తుడిచి ఎండలో చూశాను. ఒక్క గీత లేదు. నా చేతుల మీదుగా పోయిన బండ్లలో అంత బాగా వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలా రోజుల తర్వాత ఆ పూట కుదురుగా కూర్చుని అన్నం తిన్నాను.

వారం తిరక్కుండా బండి అమ్ముడుపోయింది. ఆ తర్వాత మా షాపులో రేకు పని చేసే డెంటర్ చాయ్ తాగుతూ మామూలుగా అన్నాడు.

"ఆ పిల్లర్ ఎవరు ముట్టలేదన్నా. పుట్టీ పెట్టి రంగేసిన్రు, గంతే."

గ్లాసు అక్కడే పెట్టి సేటు దగ్గరికి వెళ్లి అడిగాను. బండి సరిహద్దు అవతలికి పోయింది, ఇక దాని గురించి మనకెందుకు అన్నాడు. పనిముట్ల పెట్టె తీసుకుని బయటికి వచ్చేశాను.

మంచి పాలిష్ గురించి నాకు ఎవరూ చెప్పని సంగతి ఆ రోజు తెలిసింది. మొదట పట్టిన దొంగ పాలిష్ రెండు నెలలకు వానకు కరిగి, కుడి పక్కను బయటపెట్టింది. నేను నిజాయితీగా పట్టినది ఏ వానకూ కరగదు. ఇక ఆ బండిని చూసి ఎవరికీ అనుమానం రాదు. గీతలు నిజంగా పోయాయి, పగులు నిజంగా ఉంది.

సరిహద్దు అవతల

మూడు రోజులు కామారెడ్డిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఆ బండి అమ్మించిన బ్రోకరు బిచ్కుంద అవతల ఉంటాడని డెంటర్ చెప్పాడు. నాకు మరాఠీ రాదు. అది వచ్చిన మనిషి నా ఎరుకలో ఒక్కతే ఉంది. సిగ్గు పక్కనపెట్టి సులోచన టీచర్ బడికి వెళ్లాను. మధ్యాహ్నం గంట కొట్టాక వరండాలోకి వచ్చింది. అంతా విని, పిల్లలు చేతులు కడుక్కుని వదిలేసిన కుళాయి కట్టేసి వచ్చింది.

"నేను గూడ వాపస్ ఇచ్చి సంబరపడ్డ అన్నా. నా తర్వాత అండ్ల ఎవరు కూసుంటరని అనుకోలే" అంది. తర్వాత, "ఆదివారం బిచ్కుంద బస్టాండ్ల ఉండు" అంది.

మొదటి ఆదివారం బ్రోకరు ఏమీ చెప్పలేదు. రెండో ఆదివారం ఆమె, ఆ చుట్టుపక్కల అందరూ లెక్కచేసే వాళ్ల మేనమామను వెంట తెచ్చింది. ఆ ముఖం చూసి బ్రోకరు బండి పోయిన ఊరి పేరు చెప్పాడు. షేర్ ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా నేను ఆటో బయటికి తల పెట్టి ఎదురొచ్చే ప్రతి బండినీ చూస్తుంటే, ఊరుకో అన్నట్టు ఆమె ఒకసారి నా వైపు చూసింది.

సోయాబీన్ ఆరబోసిన కళ్లం పక్కన కారు ఉంది. దూరం నుంచే మెరుస్తోంది. దాని యజమాని దత్తోబా, అరవై దాటిన రైతు. ఆయన కూతురు అప్పుడే కళ్లం చుట్టూ ఆ బండిని నడిపి ఆపి దిగింది. ఇరవై ఏళ్లుంటాయి, దాని మీదే డ్రైవింగ్ నేర్చుకుంటోంది.

మంచాలు వేశారు, నీళ్లు ఇచ్చారు. టీచర్ మరాఠీలో చెప్పడం మొదలుపెట్టింది. నేను ఆమె చేతులు చూసి కథ ఎక్కడి దాకా వచ్చిందో తెలుసుకుంటున్నాను. ఒకచోట వేలితో తన గుండె చూపించుకుంది, అంటే ఆమె కొన్న సంగతి. ఇంకోచోట సన్నగా గాలిలో గీత గీసింది, అంటే పగులు. దత్తోబా మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. కూతురు మాత్రం లేచి వెళ్లి డ్రైవరు తలుపు తెరిచి ఆ పిల్లర్ వైపు చూస్తూ నిలబడింది.

ఆయన లేచి బండి చుట్టూ తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ జరిపాడు. తర్వాత టీచర్ వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఏమంటున్నడు మేడం?"

"గింత మంచిగ మెరిపించింది ఎవరని అడుగుతున్నడు." ఆమె నా కళ్లలోకి చూసింది. "ఏం చెప్పాలె?"

"నేనే అని చెప్పుండ్రి."

చెప్పింది. ఆయన నా ముఖం చూడలేదు, చేతులు చూశాడు. కూతురి దగ్గర తాళంచెవి తీసుకుని నా అరచేతిలో పెట్టాడు. నువ్వే తీసుకుపో, సరిచేసి నువ్వే తెచ్చియ్యి అన్నాడట. టీచర్ ఆ మాటను తెలుగులో చెప్పేలోపే అర్థమైంది.

బండిని ఎల్లారెడ్డి తెచ్చాను. అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో నా సొంత పని దానితోనే మొదలైంది. మంచి వెల్డర్‌ను పిలిపించి పాత అతుకు కోయించి, కొత్త పిల్లర్ ముక్క పెట్టించాను. మెకానిక్ కొలతలు చూసి సరిపోయిందన్నాక రంగు వేశాను. రంగు ఆరాక గీతలు తీశాను. ఇరవై రోజులు పట్టింది. సేటును తర్వాత బజారులో రెండుసార్లు చూశాను. ఇద్దరం తలలు తిప్పుకున్నాం.

దత్తోబా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ రోజు టీచర్ లేదు. నేను డ్రైవరు తలుపు తెరిచి, రబ్బరు పక్కకు లాగి, ఆయన వేలు పట్టుకుని కొత్త అతుకు మీద పెట్టాను. పై నుంచి కింది దాకా ఆయన వేలితో నిదానంగా తడిమాడు. తర్వాత కూతురి వేలు పట్టుకుని అదే చోట పెట్టాడు. ఆమె కూడా తడిమి చూసింది.

ఆయన చుట్టూ తిరిగి ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. బండి కూతురు నడిపింది.